ఎముక విరగలేదుట!

మనిషికి రెండు చేతులున్నాయన్న సంగతి చిన్నప్పుడు ఎక్కాలతోపాటే నేర్చుకున్నాను. కాని ఆ రెంటిలో కుడిచెయ్యి ఒక్కటే ఇంటెడు చాకిరీ చేస్తున్నదనీ, ఎడమచెయ్యి పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా పక్కన నిలబడి చూస్తున్నదనీ నాకు నిరుడు సద్దుల బతుకమ్మ నాటి రాత్రి గాని తెలిసిరాలేదు.

ఆ సాయంత్రం హనుమకొండలో పద్మాక్షి గుండం దగ్గర ఆడి, పాడి, బతుకమ్మను నీళ్ళలో సాగనంపి, ఖాళీ తాంబాళం పట్టుకుని ఇల్లు చేరాను. పండుగ కదా అని బయలుదేరేముందు వాకిలీ, మెట్లూ కడిగింది నేనే. ఆ తడి ఇంకా ఆరలేదన్న సంగతి మరిచిపోయిందీ నేనే. మూడో మెట్టు మీద కాలు జారింది. ఎడమచేత్తో తాంబాళాన్ని పైకెత్తి కాపాడుకున్నాను. కుడి అరచెయ్యి నేలకు ఆనించి నన్ను నేను కాపాడుకున్నాను. "తాంబాళానికి సొట్ట పడలేదు కదా?" అన్నదే నా నోటివెంట వచ్చిన మొదటి మాట. దానికి పడలేదు. పడవలసినదేదో నా మణికట్టులో పడింది.

తెల్లవారేసరికి మణికట్టు పొంగి పూరీ అయింది. గాజులు చేతికి బిగుసుకుపోయాయి. సబ్బు నురగ రాసి, ఒక్కొక్కటే తీసేసరికి ప్రాణం పోయినంత పనయింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఎముక విరగలేదమ్మా. కొన్నాళ్ళు చెయ్యి కదపకండి. పది పన్నెండు రోజులకు నొప్పి తగ్గకపోతే మళ్ళీ రండి" అన్నారు. ఆయన చెప్పినవి మూడు మాటలు. నేను విన్నది మొదటిది ఒక్కటే. ఇంటికి వచ్చి అందరికీ దాన్నే చాటాను. "ఎముక విరగలేదుట!"

ఆ ఒక్క ముక్క పట్టుకుని నాలుగు నెలలు ఊరేగాను. పొంగు దిగింది. నొప్పి మాత్రం దిగలేదు. బోర్డు మీద పద్యం రాయబోతే నాలుగో పాదానికి సుద్దముక్క జారిపోయేది. పరీక్ష పేపర్ల కట్ట ముందు వేసుకుని కూర్చుంటే పదో పేపరుకు బొటనవేలి మొదలు భగ్గుమనేది. ఆవకాయ జాడీ మూత రాదు. చపాతీ పిండి పిసకబోతే కళ్ళలో నీళ్ళు. కుర్చీలోంచి అరచెయ్యి ఆనించి లేవబోతే లోపల ఎక్కడో 'టిక్కు'మని చప్పుడు. మొదట్లో అది కుర్చీ చప్పుడనుకున్నాను!

ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మొదటి వారం కాఫీ కూడా కలిపి ఇచ్చారు. రెండో నెలకు మావారు, "ఎముక విరగలేదన్నారుగా?" అన్నారు. మూడో నెలకు మా పెద్దవాడు, "అమ్మా, అంతా నీ భ్రమేమో" అన్నాడు. కట్టు లేదు, గాయం లేదు, వాపు లేదు. కళ్ళకు కనిపించని నొప్పికి సాక్ష్యం ఎక్కడినుంచి తెచ్చేది? ఒకనాటి పొద్దున చిన్నవాడు నీళ్ళ బిందె దించమంటే విసుగ్గా, "ఎముక విరగలేదు గాని, చెయ్యి రావడం లేదురా!" అన్నాను.

అన్న తరవాత ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. మా అత్తగారిది.

మా అత్తగారిది పరకాల దగ్గరి పల్లె. పదకొండేళ్ళ క్రితం, మామగారు పోయిన ఏడాది, వానాకాలంలో పశువుల కొట్టం ముందు జారిపడ్డారు. సరిగ్గా నాలాగే, కుడి అరచెయ్యి మీద. ఊళ్ళో కట్లు కట్టే ఆయన చెయ్యి పట్టి చూసి, "బొక్క మంచిగనే ఉన్నది" అని చెప్పి, ఒక గుంజు గుంజి, ఆకుపసరూ కోడిగుడ్డు సొనా పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. మూడు వారాలకు విప్పాడు. ఆ తరవాత ఆవిడ మా దగ్గరికి వచ్చేశారు. ఇంట్లో ఉతికే మిషను ఉన్నా, తన నూలు చీరలు చేత్తోనే ఉతకాలని ఆవిడ పట్టు. ఉతుకుతారు, జాడిస్తారు, పిండరు. నీళ్ళోడుతున్న చీర బకెట్టులో వేసి నా ముందు పెట్టి, "బొక్క ఇరగలేదు గని, చెయ్యి వస్తలేదు బిడ్డా" అనేవారు.

ఆ చేత్తోనే మధ్యాహ్నం కూర్చుని వందల కొద్దీ వత్తులు చేసేవారు! కార్తీకమాసం వస్తే ఇరుగుపొరుగులందరికీ పంచేవారు. స్టాఫ్ రూములో నేను ఈ సంగతిని ఎంత రసవత్తరంగా చెప్పేదాన్నో! "మా అత్తగారి చెయ్యి మహా తెలివైనది. వత్తులు చేయడానికి వస్తుంది, బట్టలు పిండటానికి రాదు" అంటే అందరూ ఘొల్లున నవ్వేవారు. పదకొండేళ్ళు ఆ హాస్యం చెల్లింది. తనదాకా వస్తే గాని తెలియదంటారు చూడండి, అదీ నా సంగతి.

ఆ వారమే ఎముకలూ కీళ్ళూ చూసే మరో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు చేతులకూ ఎక్స్‌రే తీయమన్నారు. అదీ మామూలుగా కాదు, పిడికిలి గట్టిగా బిగించి. "బాగున్న చెయ్యి ఎందుకండీ?" అంటే, "బాగున్నదెలా ఉంటుందో తెలిస్తే గదా బాగులేనిది తెలిసేది" అన్నారు. తరవాత ఓపికగా మణికట్టు పాఠం చెప్పారు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఆనాడు బుద్ధిగా విన్నాను.

మణికట్టులో ఒక ఎముక ఉంటుందని నా ఊహ. కాదుట, ఎనిమిది! గులకరాళ్ళంతేసి ఎముకలు రెండు వరుసలుగా, వరుసకు నాలుగు చొప్పున ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి బిగించి ఉంచే గట్టి నారల్లాంటివే లిగమెంట్లు. బడిపిల్లల పుస్తకాల్లో వీటినే సంధిబంధనాలంటారు. కండరాలను ఎముకలకు కట్టే తాళ్ళు వేరు, అవి స్నాయుబంధనాలు. ముంజేతివైపు వరుసలో చిటికెనవేలి పక్కనున్న బఠాణీ గింజంత ఎముకను మినహాయిస్తే, మిగిలిన మూడింటికీ కండరాల తాళ్ళేవీ నేరుగా అతుక్కుని ఉండవు. పక్క ఎముకలు కదిలితే అవీ కదులుతాయి, ఆగితే ఆగుతాయి. చెదిరిపోకుండా వాటిని పట్టి ఉంచేవి ఈ బంధనాలే.

ఆ మూడింటిలో బొటనవేలి వైపున్నది పడవ ఆకారంలో ఉంటుంది. దాని పక్కది చంద్రవంకలా ఉంటుంది. వైద్యులు వాటికి పెట్టుకున్న గ్రీకు, లాటిన్ పేర్ల అర్థమూ అదే. ఈ పడవకూ చందమామకూ నడుమనున్న బంధనమే నాకు కొంత చినిగింది. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపుతారు. అరచెయ్యి నేలకు తగిలి, మణికట్టు వెనక్కి విరుచుకుని, ఒంటి బరువంతా దాని మీద పడుతుంది. ఎముక విరిగితే విరుగుతుంది. విరగకపోతే ఆ ఊపు బంధనం మీదికి పోతుంది.

నేను తెలుగు పంతులమ్మను కదా, 'సంధి' అన్న మాట చెవిన పడగానే ప్రాణం లేచివచ్చింది. సంధులు విడదీయండని ఎన్ని వందల మంది పిల్లల్ని వేధించానో! ఆ పాపమే ఇలా పండింది కాబోలు. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తోసి కూర్చుంటుందనీ వ్యాకరణం చదివినవాళ్ళంటారు. నా నొప్పి ఆదేశమే, సందేహం లేదు. అది వచ్చి కూర్చున్నాక నా చేతిలో పనికి చోటు లేకుండా పోయింది.

మరి మొదటి ఎక్స్‌రేలో ఇది ఎందుకు కనిపించలేదు? ఎక్స్‌రే పుట్టిందే ఒక ఇల్లాలి చేతితో. 1895 డిసెంబరు 22న జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు తన భార్య చేతిని ఈ కిరణాలతో ఫోటో తీశాడు. అందులో ఎముకలు కనిపించాయి, వేలికున్న ఉంగరం కనిపించింది. బంధనాలు కనిపించలేదు. మామూలు ఎక్స్‌రేలో నేటికీ అవి కనిపించవు. మన కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలు చూడండి. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా పొందినవి. పైకి పేక రంగులూ, పూలూ కనిపిస్తాయే గాని, వాటిని పట్టి ఉంచే పడుగు కనిపించదు. లోపల పడుగుపోగు తెగితే ఆ పూట ఎవరికీ తెలియదు. వాడగా వాడగా పూలు ఎడమవుతాయి.

పిడికిలి ఎందుకు బిగించమన్నారో అప్పుడు అర్థమైంది. గట్టిగా పట్టు బిగించినప్పుడు రెండో వరుసలోని పెద్ద ఎముక వెనక్కి నెట్టుకువచ్చి, పడవకూ చందమామకూ మధ్య మేకులా దిగుతుంది. బంధనం గట్టిదైతే అవి కదలవు. చినిగినదైతే నడుమ సందు విచ్చుకుంటుంది. ఆ సందు 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలిట. ఈ గుర్తుకు వైద్యులు టెర్రీ థామస్ అనే ఇంగ్లీషు హాస్యనటుడి పేరు పెట్టుకున్నారు. ఆయన ముందుపళ్ళ మధ్య పెద్ద సందు ఉండేది. ఎవరి పేరు ఎక్కడ నిలుస్తుందో చెప్పలేం! నా ఎక్స్‌రేలో సందు పెద్దగా లేదు. ఎమ్మారై తీస్తే సగం చినుగు బయటపడింది. అందులోనూ తేలనివారికి సన్నని గొట్టంతో కీలులోపలికి కెమెరా పంపి చూస్తారట.

అప్పుడు నేనొక ప్రశ్న వేశాను. "డాక్టరుగారూ, ఇలాంటి చెయ్యి వత్తులు చేయడానికి వచ్చి, బట్టలు పిండటానికి రాకపోవడం ఉంటుందా?"

"ఉండకేం? వత్తికి వేలికొసలు చాలు. బట్ట పిండాలంటే పిడికిలి బిగించాలి, మెలితిప్పాలి. దెబ్బ తగిలిన మణికట్టుకు అంతకంటే పెద్ద పరీక్ష లేదు. మీరు వత్తులు చేస్తారా?" అన్నారు.

"నేను కాదండీ" అన్నాను. ఇంక మాట పెగల్లేదు.

బట్టలు పిండటమే కాదు, తాళంచెవి తిప్పడం, గరిటెతో బరువైన అన్నం కలపడం, అరచేతుల మీద లేవడం, ఇవన్నీ మణికట్టుకు పరీక్షలే. నొప్పి చిటికెనవేలి వైపు ఉంటే గొడవ మరొక చోట ఉందన్నమాట. అక్కడ ముంజేతి ఎముకకూ మణికట్టుకూ మధ్య చిన్న దిండులాంటి మెత్తని భాగమూ, దాని చుట్టూ బంధనాలూ ఉంటాయి. బొటనవేలిని చాచి ఎత్తినప్పుడు దాని మొదట్లో ఒక గుంట పడుతుంది చూడండి. పూర్వం దొరలు ముక్కుపొడుం అందులో పోసుకుని పీల్చేవారట, అందుకే దాన్ని పొడుం డబ్బీ అన్నారు. పడిన తరవాత ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే మాత్రం అశ్రద్ధ పనికిరాదు. పడవ ఎముక సన్నగా విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అందుకే చేతికి కదలకుండా పట్టీ వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్ళీ చూస్తారు. మొదటి డాక్టరుగారు నన్ను మళ్ళీ రమ్మన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా! తప్పు ఆయనది కాదు, నా చెవులది.

చేతి నొప్పులన్నీ బంధనాల నొప్పులని కూడా అనుకోకూడదు. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది నరం నలుగుతున్న గుర్తు కావచ్చు. చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకు బొటనవేలి వైపు లాగినట్లుంటే అది తాడు ఒరుసుకోవడం కావచ్చు. దేని మందు దానిదే.

నా మందు ఏమిటంటారా? ఆరువారాలు మణికట్టుకు పట్టీ. వేళ్ళు, మోచెయ్యి, భుజం మాత్రం రోజూ కదపాలి, లేకపోతే అవీ మొరాయిస్తాయి. బంధనాలకు రక్తం చేరేది తక్కువ కాబట్టి అవి అతికేదీ నిదానంగానే. కొద్దిగా సాగినవైతే కొన్ని వారాలకు సర్దుకుంటాయి. సగం చినిగినవాటికి నెలలు పట్టవచ్చు. పూర్తిగా తెగితే ఆపరేషన్ చేసి కుట్టవలసి రావచ్చు, అదీ మొదటి కొద్ది వారాల్లో అయితేనే బాగా నిలుస్తుంది. ఏళ్ళు గడిస్తే తెగిన కొసలు ముడుచుకుపోతాయి, ఎముకలు దారి తప్పి ఒకదాన్నొకటి ఒరుసుకుని కీలు అరిగిపోతుంది. నేను నాలుగు నెలలకైనా వెళ్ళడం, చినిగింది సగమే కావడం నా అదృష్టం.

పట్టీ తీశాక వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి పంపారు. మొదట నేర్పింది కోతిని తోలే కదలిక. మణికట్టును బొటనవేలి వైపుగా వెనక్కి ఎత్తి, చిటికెనవేలి వైపుగా ముందుకు దించడం. వరంగల్లువాళ్ళకు ఇది కొత్తగా నేర్పాలా! ఆ కదలికలో పడవకూ చందమామకూ మధ్య లాగుడు తక్కువట. ఈడెన్ గార్డెన్స్‌లో 2001లో వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులు చేసినప్పుడు లోకమంతా ఆయన మణికట్టును పొగిడింది. మా మావారు ఆ రోజంతా టీవీ ముందునుంచి లేవలేదట. నేను ఇప్పుడు నీళ్ళగ్లాసు ఎత్తి, ఒలకకుండా దించితే అమ్మాయి చప్పట్లు కొడుతుంది. ఎవరి శతకం వారిది.

పాఠకులు నాలా నాలుగు నెలలు పోగొట్టుకోకుండా కొన్ని మాటలు చెబుతాను. పడిన వెంటనే ఉంగరాలూ, గాజులూ తీసేయండి, పొంగాక రావు. మొదటి రెండు రోజులు మంచుముక్కలు గుడ్డలో చుట్టి, పావుగంట చొప్పున రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. చెయ్యి ఎత్తుగా ఉంచండి. ఆ రోజుల్లో వేడి నూనె మర్దనలు వద్దు. గుంజి సరిచేయించుకోవడం అసలే వద్దు. మా పక్కింటావిడ తిరుపతి దగ్గరి పుత్తూరు దాకా వెళ్ళి కట్టు కట్టించుకు రమ్మన్నది. ఆ ఊరి కట్టుకు పేరున్న మాట నిజమే. కాని చినిగినదేమిటో, ఎంతో తేలకముందు ఎవరు ఏ కట్టు కట్టినా అది చీకట్లో ముడి వేయడమే. ఏ కట్టయినా కట్టాక వేళ్ళు నీలమైనా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పించాలి. చెయ్యి వంకర తిరిగినా, వారం పది రోజులకు పట్టు రాకపోయినా డాక్టరుకు చూపించాలి.

మా అత్తగారిని కూడా తీసుకువెళ్ళాను. "నాకెందుకు బిడ్డా, పాత నొప్పి" అన్నారు. పిడికిలి బిగించిన ఎక్స్‌రేలో సందు నాకే కనిపించింది. చదువు అక్కరలేదు. కీలు అరిగింది. బంధనం కుట్టే కాలం ఎప్పుడో దాటిపోయిందన్నారు డాక్టరుగారు. పని చేసేటప్పుడు పెట్టుకోవడానికి పట్టీ, చలికాలం కాపడం, బరువుకు రెండు చేతులూ వాడటం, నొప్పి మరీ ముదిరితే చేయదగిన ఆపరేషన్ల సంగతి, అన్నీ చెప్పారు. ఆవిడ అన్నీ విని, "మరి బొక్క ఇరగలేదంటిరి గద సారూ?" అన్నారు.

"ఎముక విరగలేదు పెద్దమ్మా. విరిగి ఉంటే అప్పుడే అందరూ పట్టించుకునేవాళ్ళు" అన్నారాయన. ఆయన అన్నది మామూలుగానే. నేను మాత్రం గోడకున్న కేలెండరు చూస్తూ కూర్చున్నాను.

తిరిగి వస్తూ ఆటోలో, "అత్తమ్మా, ఇన్నేళ్ళు నీ మాట నేను నమ్మలేదు" అన్నాను. ఆవిడ కాసేపు భద్రకాళి చెరువు వైపు చూసి, "నాకు ఎర్కే బిడ్డా. బకెట్టు చప్పుడు ఇంటే తెల్వదా?" అన్నారు. బకెట్టును ఎంత విసురుగా లాగేదాన్నో అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆవిడ ఇంకేమీ అనలేదు. పట్టీ ఉన్న నా చేతి మీద పట్టీ ఉన్న తన చెయ్యి వేసి కూర్చున్నారు.

మణులు కట్టుకునే చోటు కాబట్టి మణికట్టన్నారు మన పెద్దలు, సంస్కృతంలో మణిబంధం. సుశ్రుతుడు 107 మర్మస్థానాలు లెక్కపెట్టి, మణిబంధాన్ని నొప్పి పుట్టించే మర్మాల్లో చేర్చాడు. అక్కడ దెబ్బ తగిలితే చెయ్యి పనికి మొండికేస్తుందని కూడా చెప్పాడు. క్లాసులో పర్యాయపదాలు చెప్పేటప్పుడు మణిబంధం అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది మా ఇంట్లో నీళ్ళోడే చీర పట్టుకుని నా ముందు నిలబడి ఉన్నదని ఏనాడూ తోచలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నూలు చీరలు పిండే అధికారం మావారిది. మొదటి రోజు ఉత్సాహంగా మెలితిప్పారు. రెండో చీరకు "అబ్బా!" అని మణికట్టు పట్టుకున్నారు.

వంటింట్లోంచి నేనూ, వసారాలో వత్తులు చేసుకుంటున్న అత్తగారూ ఒక్కసారే అడిగాం: "బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా?"